నిలబడే కెమెరా

గురవమ్మ ముందు వెతికింది తనకోసం కాదు, నీలం బాల్చీ కోసం.

కలకత్తా సాల్ట్ లేక్‌లో కొడుకు ఇంట్లో, సోఫా పైన గోడకి కొత్తగా బిగించిన పెద్ద ఫొటో అది. మనవరాలు మిష్టి మొదటి పుట్టినరోజుది. కేకు ముందు పిల్ల, పిల్లని ఎత్తుకుని కోడలు సమీర, పక్కన కొడుకు ప్రదీప్‌కుమార్, సమీర తరఫు చుట్టాలు, ఆఫీసు స్నేహితులు, ఓ చివరగా ఇస్త్రీ చొక్కాలో ఉక్కిరిబిక్కిరవుతూ మొగుడు మల్లేశు. ఆ రోజు ఎవరో కూల్‌డ్రింకు ఒలకబోస్తే, అందరి కాళ్లకీ జిగురు అంటుకుంటుందని గురవమ్మ గబగబా బాల్చీ, గుడ్డ తెచ్చింది. తుడిచి లేస్తుండగా ‘అందరూ ఇటు చూడండి’ అన్నారు. ఆమె కూడా చూసింది. కిటికీ తెర పక్కన నిలబడి చూసింది. చేతిలో బాల్చీని వెనక్కి దాచాలా వద్దా అని ఒక్క క్షణం తికమకపడి, పోనిద్దూ మనవాళ్లే కదా అని దాచకుండానే నవ్వేసింది. అందుకే అంత బాగా గుర్తు.

ఇప్పుడు చూస్తే బాల్చీ లేదు. తెర ఉంది. తెర మీద పసుపు పువ్వులు ఉన్నాయి. తను నిలబడ్డ చోట కూడా ఆ పువ్వులు వరస తప్పకుండా పైనుంచి కిందిదాకా దిగి ఉన్నాయి. గురవమ్మ సోఫా ఎక్కి మోకాళ్ల మీద కూర్చుని అద్దం మీద వేలు పెట్టి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

“ప్రదీపా, ఇందులో నానేదిరా?”

“ఉంటావమ్మా, అక్కడే ఎక్కడో,” అంటూ వచ్చాడు ప్రదీప్. వాడూ వెతికాడు. కనుబొమలు ముడిచాడు. అంతలోనే గుర్తొచ్చి నుదురు కొట్టుకున్నాడు. “అర్రే! వెనకాతల బాల్చీ, తడిగుడ్డ, పేపర్ ప్లేట్లు... గలీజుగా ఉందని అదంతా తీసీసినానమ్మా. ఫోన్‌లో వేలితో ఒక చుట్టు చుడితే చాలు, అదే తీసేస్తాది. బాల్చీ నీ చేతిలో ఉందేమో, ఫోను రెండూ ఒకటే అనుకున్నట్టుంది.”

“అయ్యో అత్తయ్యా!” అంటూ వంటింట్లోంచి వచ్చింది సమీర. హైదరాబాదు పిల్ల, మనసు మంచిది. “నేనసలు గమనించనే లేదు. ఒరిజినల్ ఉంది కదా ప్రదీప్?”

“పాత ఫోన్‌లో ఉండాల. అది కొత్తదానికి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చీసినాం కదా.”

ఇద్దరి ముఖాలూ చిన్నబోయాయి. అంతలో మిష్టి ఏడ్చింది, కుక్కర్ కూత వేసింది, మాట మరో దారి పట్టింది. గురవమ్మకి కోపం రావాలా, నవ్వు రావాలా తెలియలేదు. కోపానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా. కొడుకు కావాలని చేయలేదు. కోడలు చూడలేదు. ఫోనుకి ఆమె ఎవరో తెలియదు. మరి చేసిందెవరు?

తిరుగు బస్సులో తమ ఇల్లున్న వాట్‌గంజ్ దగ్గర పడేదాకా ఆగి, మొగుణ్ని మోచేత్తో పొడిచింది. “ఏటయ్యా, ఆ దినం నాను కిటికీ కాడ నిలబడ్డానా, లేదా?”

“నిలబడ్డావు.”

“మరి ఫొటోలో నాను లేను కదా!”

“నాకేటి తెలుసు? నానున్నాను కదా,” అన్నాడు మల్లేశు. కార్పొరేషన్ డ్రైనేజీ గ్యాంగులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. అతనికి బస్సు ఎక్కితే నిద్ర ముంచుకొస్తుంది. ఇంతకన్నా సాయం అతని దగ్గర దొరకదని గురవమ్మకి ముందే తెలుసు.

*

గురవమ్మ డ్యూటీ ధర్మతలాలో. పాత సినిమా హాలు పక్క గల్లీ, దాని వెనక ఇంకో గల్లీ, బస్సులు ఆగే రోడ్డు మలుపుదాకా ఆమెది. చెత్తబండి తోసే మేరీరాణి ఆమెకి జోడీ. ఇద్దరూ కార్పొరేషన్ క్వార్టర్స్‌లో ఎదురెదురు గదుల్లో ఉంటారు. ఒకరింట్లో చేప వేగితే ఇంకొకరికి ముల్లు గుచ్చుకునేంత దగ్గర.

వీధి ఊడ్చేవాళ్లకి ఎవరూ నేర్పకుండానే ఒక పద్ధతి అలవడుతుంది. ఎదురుగా మనిషి వస్తే చీపురు ఆపాలి. చీపురున్న చేతిని వెనక్కి తిప్పుకోవాలి. దుమ్ము వాళ్ల మీద పడకుండా గోడవైపు జరగాలి. వాళ్లు దాటాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆ సోమవారం పొద్దున కూడా ట్యూషన్ పిల్లలు, పాలక్యాన్ల సైకిలు, నడకకి వెళ్లే ముసలాయన, అందరూ దాటారు. గురవమ్మ ఆగింది, జరిగింది, ఊడ్చింది. నోరు మాత్రం ఆగలేదు. ఫొటో సంగతి మేరీరాణికి మొదట్నుంచి చెప్పి, చెప్పిందే మళ్లీ చెప్పింది.

“ఓలమ్మ, దీనికే ఇంత ఆలోచనా? ఫోన్ ఫొటోలంతేనే,” అంది మేరీరాణి బండి ఆపి. “నా పెళ్లి ఫొటో సూసినావు కదా? పాస్టరుగారి కాళ్ల కాడ వీధికుక్క నిలబడ్డాది. మాయన ఆ ఫొటోల మనిసితో ఎంత దెబ్బలాడినాడనుకున్నావు! ‘రీల్లో పడిపోనాది బాబూ, నానేటి సెయ్యను’ అన్నాడు ఆ మనిసి. ఆ కుక్క సచ్చి ఎన్నేళ్లయినాదో. మాయన కూడా పోనాడు. అది మాత్రం ఇప్పటికీ తోకాడించుకుంటా గోడ మీదున్నాది.”

గురవమ్మ చీపురు ఆపింది. ఈసారి ఎదురుగా ఎవరూ రాలేదు, తనకు తానే ఆపింది.

వచ్చే శనివారం క్వార్టర్స్ ఆడవాళ్లు బస్సు మాట్లాడుకుని దీఘా సముద్రతీరానికి వెళ్తున్నారు. పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది కలకత్తాలోనే అయినా గురవమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. అక్కడ అందరూ ఫోన్లు తీస్తారు. వందల ఫొటోలు పడతాయి. తరువాత ఎవరి వేలు ఎటు చుడుతుందో, ఎవరు మాయమవుతారో! సముద్రం పక్కన తను నిలబడ్డచోట నీళ్లు వరస తప్పకుండా పారుతున్నట్టు తలుచుకుంది.

“నాను రీలు కెమెరా కొంటాను,” అంది.

“కొంటావు, కొంటావు. ఇమానం కూడా కొను.”

“నీ మీద ఒట్టు. ఈ గల్లీ నిండా అవేకదేటి ఉన్నాయి?”

నిజమే, ఆ గల్లీ నిండా కెమెరా షాపులే. అయితే ఆమెకి ఆ షాపుల షట్టర్లు తెలుసుగాని లోపల ఏముందో తెలియదు. షట్టర్ లేచే వేళకి ఆమె పని అయిపోతుంది.

*

మర్నాడు డ్యూటీ అయ్యాక ఇంటికి పోయి స్నానం చేసి, కార్పొరేషన్ జాకెట్ వదిలి, అంచున్న నేతచీర కట్టుకుని గురవమ్మ మళ్లీ అదే గల్లీకి వచ్చింది. తను ఊడ్చిన దారే అయినా పగటిపూట కొత్తగా అనిపించింది. దిక్కుతెలియక రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి పెద్దగా జనం లేని షాపు ఒకటి చూసుకుని మెట్టెక్కింది. పాల్ బాబు అని బోర్డు మీద పేరున్న ముసలి బెంగాలీ, కౌంటర్ వెనక కూర్చుని చిన్న బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాడు.

“ఏం కావాలి దీదీ?” అని బెంగాలీలో అడిగాడు. ఆమె బెంగాలీ కూడా అతనిదంత ధారాళమే. రీలు కెమెరా కావాలని, ప్రయాణానికని, సంచిలో పట్టాలని చెప్పింది. అతను మారుమాట లేకుండా మఖ్మల్ గుడ్డ పరిచి, దానిమీద మూడు కెమెరాలు పెట్టాడు.

మొదటిది వెండిరంగు. మీట నొక్కితే ముక్కు బయటికి పొడుచుకొచ్చింది. దూరాన ఉన్న పడవని దగ్గరికి లాగుతుందన్నాడు. రెండోది సబ్బుబిళ్లంత, నున్నగా, గుండ్రంగా ఉంది. ముక్కు కదలదుగాని ఫొటో కత్తిలా వస్తుందనీ, ఈ కాలం కుర్రాళ్లు దీనికోసమే పోటీపడుతున్నారనీ అన్నాడు. దాని ధర వినగానే గురవమ్మ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. మూడోది నల్లగా, లావుగా, మోటుగా ఉంది. మూత పక్కకి లాగితే కన్ను తెరుచుకుంటుంది, అంతే.

“తేలిక కావాలా? జూమ్ కావాలా? వెలుతురు తక్కువైనా తీయాలా? బ్యాటరీ ఎక్కడైనా దొరికేదా? తానే ఫోకస్ చూసుకునేదా?”

గురవమ్మకి బుర్ర తిరిగిపోయింది. వంకాయలైతే గిచ్చి చూస్తాం, చేపలైతే చెవి ఎత్తి చూస్తాం. దీన్ని ఎక్కడ గిచ్చాలి, ఏది ఎత్తి చూడాలి? ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పాల్ బాబు కంగారుగా చేతులు చాచాడు.

“ఊపకండి దీదీ! అడగండి, చెబుతాను.”

ఆమె కాసేపు ఆలోచించింది. “ఇందులో పడ్డ మనిషిని తరువాత ఎవరైనా తీసేయొచ్చా?”

పాల్ బాబు చేతిలో బ్రష్ ఆగింది. అలాంటి ప్రశ్న ఆ కౌంటర్ మీద ఎప్పుడూ పడినట్టు లేదు. “కాగితం మీద ఏమైనా చేసుకోవచ్చు. నెగటివ్ మీ దగ్గరుంటే మాత్రం అందులో ఉన్న మనిషి ఉన్నట్టే. ఎవరూ తీయలేరు.”

“మూడింట్లోనూ అంతేనా?”

“రీలు వేసే ఏ కెమెరా అయినా అంతే.”

అమ్మయ్య అనుకుంది గాని, చిక్కు మాత్రం విడలేదు. మూడూ ఒకటే అయితే ఏది తీసుకోవాలి? మళ్లీ ఆలోచించింది. ఈసారి అసలు ప్రశ్న దొరికింది. తను కొన్న కెమెరాతో తనే తీస్తుంది. తీసేవాళ్లు ఫొటోలో ఎలా పడతారు? మేరీరాణికి ఇస్తే తలలు నరికి కాళ్లు తీస్తుంది. మిగతావాళ్లు తమ ఫోన్లతో తాము తీసుకుంటుంటారు. ‘కొంచెం నన్ను తియ్యమ్మా’ అని ఒకరిని బతిమాలడం ఆమెకి సుతరామూ ఇష్టంలేదు.

“తీసే మనిషి కూడా ఇందులో పడాలంటే?”

“టైమర్!” అన్నాడు పాల్ బాబు ఉత్సాహంగా. “మూడింటికీ ఉంది. ఎక్కడైనా పెట్టి, ఈ బొత్తాం నొక్కి, వెళ్లి నిలబడాలి. ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. మిణుకు జోరందుకుంటే ఇక తీస్తున్నట్టు లెక్క.”

అప్పుడు గురవమ్మ చేసిన పని చూసి ఆ ముసలాయన కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకున్నాడు. ఆమె మఖ్మల్ గుడ్డ పక్కకి లాగేసి, మూడు కెమెరాలనీ వట్టి అద్దం మీద వరసగా నిలబెట్టింది. సబ్బుబిళ్ల వెనక్కి వాలింది. మళ్లీ నిలబెడితే పక్కకి వాలింది. వెండిది నిలబడింది గాని, బొత్తాం నొక్కి ముక్కు బయటికి రాగానే ముందుకి తూలింది. నల్లది మొండికేసిన గేదెలా ఉన్నచోటే ఉంది. వేలితో నెట్టి చూసింది. కౌంటర్ మీద చిన్నగా గుద్ది చూసింది. అది కదల్లేదు.

“ఇదే,” అంది.

పాల్ బాబు పకపకా నవ్వాడు. “ఇన్నేళ్లలో లెన్స్ చూసి కొన్నవాళ్లున్నారు, పేరు చూసి కొన్నవాళ్లున్నారు. అడుగు చూసి కొన్నది మీరొక్కరే దీదీ!” నవ్వాడేగాని, రీలు ఎక్కించడం, తీయడం ఓపిగ్గా చూపించాడు. దీఘా వెళ్లేలోపు ఒక రీలు తీసి చూసుకోమనీ, నచ్చకపోతే మార్చి ఇస్తాననీ చెప్పి, మూల మీదున్న, రీలు కడిగే ల్యాబ్ పేరు రాసిచ్చాడు.

*

ఆ రీలుతో క్వార్టర్స్ అంతా రెండురోజులు తిరునాళ్లయింది. రీలు ఖరీదు తెలిసిన గురవమ్మ ఊపిరి బిగబట్టి ఒక్కో ఫొటో తీసింది. పడుకున్న మల్లేశుని, గడ్డం గీసుకుంటున్న మల్లేశుని, బనియన్ తిరగేసి వేసుకున్న మల్లేశుని తీసింది.

“నన్నొగ్గీయే! నానేటి సినిమా యాక్టర్నేటి?” అన్నాడే గాని, చివరికి అతను కూడా జుట్టుకి నూనె రాసుకొచ్చి కూర్చున్నాడు.

తన ఫొటోలకి మాత్రం గుమ్మం బయట సందే కావాలంది గురవమ్మ. గదిలో చీకటి. సందులో పంపు ఉంది, పంపు వెనక సున్నం గోడ ఉంది, గోడ మీద ఎండ పడుతుంది. ఎదురింటి అరుగు మీద కెమెరాని నిలబెట్టి, బొత్తాం నొక్కి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగున వెళ్లి నిలబడేది. ఎర్రదీపం మిణుకుమంటుంటే ఏం చేయాలో తెలిసేది కాదు. నవ్వాలా? చేతులు కట్టుకోవాలా? ఇరుకు సందు అది. నీళ్లబిందెలు, సైకిళ్లు, బడికెళ్లే పిల్లలు, డ్యూటీనుంచి వచ్చేవాళ్లు, మనుషులు ఎడతెగకుండా వస్తూ పోతూనే ఉంటారు. అయినా వదలకుండా పొద్దున తీసుకుంది, మధ్యాహ్నం తీసుకుంది, బొట్టు మార్చుకుని తీసుకుంది. ప్రతిసారీ ‘టక్’ మని వినిపించింది. లోపల రీలు జర్రున చుట్టుకుంది. ఆ చప్పుడు వింటే ఆమెకి ఎంతో నిశ్చింతగా ఉండేది. పడ్డాను, ఇక ఎవడూ తీయలేడు అనుకునేది.

ల్యాబ్‌లో కుర్రాడు ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. వద్దంటే వద్దంది. కాగితాలే కావాలంది, నెగటివ్ చేతికివ్వాలంది. శుక్రవారం డ్యూటీ దిగాక కవరు తెచ్చుకుని, తలుపు దగ్గరగా వేసి మంచం మీద పరిచింది.

మల్లేశు బ్రహ్మాండంగా పడ్డాడు. చెవుల మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. మేరీరాణి పడింది, ఆమె వేయిస్తున్న చేప పడింది. తరువాత పంపు పడింది. గోడ పడింది. గోడ మీద ఎండ పడింది. ఎవరిదో సైకిలు, సైకిలు మీద ఎవరో పడ్డారు. గురవమ్మ లేదు. ఇంకోటి తీసింది. పంపు, నీళ్లబిందె, బిందె మోస్తున్న పిల్ల. మూల మీద చీరంచు ముక్క ఒకటి. మరోదాంట్లో ఒక మోచెయ్యి. అన్నీ అంతే.

గురవమ్మ ఫొటోలన్నీ మళ్లీ మొదట్నుంచి తిరగేసింది. ఫోనంటే మాయదారిది. రీలుకేం వచ్చింది? నిజంగానే తన మీద ఏదైనా చెడుదృష్టి పడిందా? అసలు తను మనుషుల కంటికి కనిపిస్తోందా?

సరిగ్గా అప్పుడే ప్రదీప్ వచ్చాడు. తల్లి సముద్రానికి వెళ్తోందని ఎండటోపీ ఒకటి, కాళ్లకి రబ్బరు చెప్పులు తెచ్చాడు. మంచం మీది ఫొటోలు చూశాడు, తల్లి ముఖం చూశాడు.

“అయ్యో, మిస్ అయిపోనావా? దీనికేటమ్మా దిగులు! నేను పెట్టేస్తాను కదా.”

“ఏటి పెడతావు?”

“నిన్నే. ఆగు.” పంపు ఫొటోని ఫోనుతో ఫొటో తీశాడు. ఆమె పాత ఫొటో ఎక్కడిదో వెతికాడు. వేలితో ఏదో రాశాడు, ఏదో నొక్కాడు. కాసేపు గుండ్రంగా ఏదో తిరిగింది. “సూడు!”

పంపు పక్కన, గోడకి ముందు, సరిగ్గా మధ్యలో గురవమ్మ నిలబడి ఉంది. నేతచీర, అదే అంచు. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆ పళ్లు ఆమెవి కావు. ఆ నవ్వు ఆమె పుట్టాక ఏనాడూ నవ్వింది కాదు.

“బాగున్నాది కదా? ప్రింట్ తీయించి తెస్తాను.”

గురవమ్మ ఫోనుకేసి చూసింది, కొడుకుకేసి చూసింది. “తీసీసినోడివీ నువ్వే, పెట్టీసినోడివీ నువ్వే. మజ్జిలో నానెక్కడున్నానురా ప్రదీపా?”

వాడు ఫోను మంచం మీద బోర్లా పెట్టాడు. “కోపమొచ్చిందా అమ్మా?” అన్నాడు నెమ్మదిగా. కోపమో, భయమో ఆమెకే తెలియడం లేదు. ఫొటోలన్నీ కవర్లో కుక్కుకుని, కెమెరా సంచిలో వేసుకుని, కొడుకుని ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయింది.

*

“ఈ కెమెరా మంచిది కాదు బాబూ,” అంది గురవమ్మ, కవరు కౌంటర్ మీద పెడుతూ. “ఇంట్లో అందర్నీ తీస్తుంది, నన్ను తీయదు.”

పాల్ బాబు నవ్వలేదు. ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. నెగటివ్‌ని దీపం ముందు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. కెమెరా వీపు తెరిచి బొత్తాం నొక్కాడు. దీపం మిణుకుమంది, టక్ మంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ టక్ మంది.

“దీనికి ఏ రోగమూ లేదు. మీరు ఎలా నిలబడ్డారో చూపించండి.”

షాపులో అట్టే చోటు లేదు. కౌంటర్‌కీ గుమ్మానికీ మధ్య ఆమెని నిలబెట్టి, ఖాళీ కెమెరాని అద్దం మీద పెట్టి టైమర్ నొక్కాడు. ఎర్రదీపం మిణుకుమంది. గురవమ్మ చేతులు కట్టుకుంది. మిణుకు జోరందుకుంది. అంతలో ఎవరో కాలేజీ అమ్మాయి మెట్టెక్కింది. టక్.

“చూశారా?” అన్నాడు పాల్ బాబు.

“ఏం చూడాలి?”

“మీరెక్కడున్నారో చూడండి.”

గురవమ్మ చూసుకుంది. గోడకి ఆనుకుని ఉంది. ఇందాక నిలబడ్డ చోట కాలేజీ అమ్మాయి ఉంది.

“ఆ పిల్ల లోపలికి వస్తుంటే దారివ్వొద్దా?” అంది ఉక్రోషంగా. “మళ్లీ పెట్టండి.”

మళ్లీ పెట్టాడు. ఈసారి ఆమె పంతంగా పాదాలు ఎడం చేసి నిలబడింది. పక్కషాపు ఆయన ఏదో అడగడానికి తల లోపలికి పెట్టాడు. ఆయన లోపలికి కూడా రాలేదు. గురవమ్మ కాళ్లు మాత్రం జరిగిపోయాయి. కుడిచెయ్యి వీపు వెనక్కి వెళ్లి, లేని చీపురుని దాచింది. ఈసారి దాన్ని ఆమే చూసింది. తన చెయ్యి తనది కానట్టుగా వెనక్కి వెళ్లడం చూసింది.

పాల్ బాబు ఆమెకేసి తేరిపార చూశాడు. “అరే! పొద్దున్నే మా గల్లీ ఊడ్చేది మీరే కదూ?”

రెండుసార్లు షాపుకొచ్చి ఎదురుగా నిలబడితే పోల్చుకోలేదు. గోడకి ఒదిగి, చెయ్యి వెనక్కి పెట్టగానే పోల్చుకున్నాడు.

“నేనే,” అంది గురవమ్మ.

గల్లీలోకి వచ్చాక ఆమెకి ఎక్కడలేని దుఃఖం వచ్చింది. వారంనుంచి కొడుకుని తిట్టుకుంటోంది, ఫోనుని తిట్టుకుంటోంది, గ్రహచారాన్ని తిట్టుకుంటోంది. వాడు ఒక్క ఫొటోలో తీసేశాడు. తనేమో రోజూ, ప్రతి గుమ్మం ముందూ, ప్రతి మనిషికీ తనను తానే తీసేసుకుంటోంది. దుమ్ము పడకూడదని జరగడం పని. బాగానే ఉంది. చీపురు లేనప్పుడు కూడా ఎందుకు జరగాలి? ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదే! కళ్లు ఒత్తుకుని వెనక్కి తిరిగి, మళ్లీ షాపు మెట్టెక్కింది.

“కెమెరా ఉంచుకుంటాను. కొత్త రీలు ఎక్కించండి,” అంది.

*

శనివారం పొద్దున ధర్మతలా బస్‌స్టాండులో ఇసకేస్తే రాలనంత జనం. దీఘా బస్సు పక్కన క్వార్టర్స్ ఆడవాళ్లు మూటలు, టిఫిన్ డబ్బాలు, వాంతుల మాత్రలతో కోలాహలంగా ఉన్నారు. సాగనంపడానికి మల్లేశు వచ్చాడు. పిలవకుండానే ప్రదీప్, సమీర, మిష్టి కూడా వచ్చారు. ప్రదీప్ తల్లి కళ్లలోకి సూటిగా చూడలేక, సంచి అందుకుని అటూ ఇటూ మారుస్తున్నాడు.

“అమ్మా, ఆ కెమెరా నాకిలాగివ్వు. మీ అందర్నీ నేను తీస్తాను,” అన్నాడు.

“అక్కర్లేదు. నువ్వు కూడా రా. అందరం పడదాం.”

టీకొట్టు బల్ల మీద గ్లాసులు జరిపి నల్ల కెమెరాని నిలబెట్టింది. మనుషుల్ని బస్సు ముందు వరసగా కూర్చింది. మల్లేశుని ఇటు, మేరీరాణిని అటు, కొడుకునీ కోడల్నీ పక్కన నిలబెట్టింది. మధ్యలో కాస్త ఖాళీ ఉంచింది. బొత్తాం నొక్కి, పరుగున వచ్చి, సమీర చేతిలోంచి మిష్టిని అందుకుని చంకనేసుకుని ఆ ఖాళీలో నిలబడింది. ఎర్రదీపం మిణుకుమంది.

“దేఖి, దేఖి! సైడ్! సైడ్!”

రెండు చక్రాల పెట్టెలు లాక్కుంటూ, నల్లకళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు సరాసరి వాళ్ల మీదికే వస్తున్నాడు. మేరీరాణి చటుక్కున పక్కకి దూకింది. మల్లేశు వెనక్కి తగ్గి బస్సు చక్రానికి అతుక్కున్నాడు. ప్రదీప్ సమీర చెయ్యి పట్టుకుని అవతలికి లాగాడు. గురవమ్మ కాలు కూడా లేచింది. మడమ లేచింది, ఒళ్లు గోడ ఎటుందో వెతుక్కుంది. ఆ లేచిన కాలిని ఆమె బలవంతంగా, బరువు ఎత్తి దించినట్టు, ఉన్నచోటే దించింది. కుడిచెయ్యి వెనక్కి పోకుండా మిష్టి నడుము చుట్టూ బిగించింది.

పెద్దమనిషి ఆమె ముందుకొచ్చి ఆగాడు. “ఏ మాషీ! కనబడటం లేదా?” అని బెంగాలీలో కసిరాడు.

గురవమ్మకి తప్పు చేస్తున్నానా అనిపించింది. పాపం, మనిషి బరువుతో ఉన్నాడు. కానీ పక్కన కావలసినంత దారి ఉంది. మిణుకు జోరందుకుంది. పెద్దమనిషి విసుక్కుని, పెట్టెలు ఇటు తిప్పి, ఆమె చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు. ఆమె ముందు ఎవరూ లేరు. టక్ మంది. రీలు జర్రున చుట్టుకుంది.

“అయ్యో అమ్మా!” అన్నాడు ప్రదీప్ అవతల్నుంచి. “మేమందరం జరిగిపోనాం కదా! నువ్వూ మిష్టీ తప్ప ఎవులూ పడలేదు. మళ్లీ తియ్యి.”

“ఒక్కటే తీద్దామనుకున్నాను. మిగిలింది సముద్రానికి.”

“నాను ఫోన్‌లో—” అని జేబులో చెయ్యి పెట్టినవాడు, తల్లి ముఖం చూసి చెయ్యి తీసేశాడు. వాడి ముఖం నిజంగానే చిన్నబోయింది. “అయితే అందులో మేమెవులం లేమా?”

గురవమ్మ మిష్టిని సమీర చేతికి అందించి, టీకొట్టు బల్ల మీది కెమెరా తీసి కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. కొడుకు చెంప నిమిరింది.

“రీలు కదరా నాయినా,” అంది. “నిలబడినోలే పడతారు.”

మేరీరాణి కిటికీలోంచి కేకేస్తోంది. గురవమ్మ బస్సెక్కింది.